ఫార్టీఫోర్ అడిగినవాడికి నేనిచ్చిన తూటాలు

ఇరవై ఒక్క ఏళ్లు టెక్సస్‌లో తుపాకులు అమ్మాను. ఈ మాట తెలుగువాళ్ల ఇళ్లలో భోజనాల దగ్గర చెబితే, వడ్డిస్తున్న గరిటె గాల్లోనే ఆగిపోయేది. తర్వాత ఆడవాళ్లు తమ పిల్లల్ని నా పక్కనుంచి నెమ్మదిగా లేపి తీసుకెళ్లేవారు. మగవాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకునేవారు. మగవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నిటికంటే పెద్దది ఏది?"

ఇర్వింగ్‌లో హైవే పక్కన, ఇండియన్ గ్రోసరీకీ ఒక టాక్స్ ఆఫీసుకీ మధ్య ఉండేది మా దుకాణం. ముందు అమ్మకాల కౌంటర్, వెనక పన్నెండు లేన్ల షూటింగ్ రేంజ్. కౌంటర్‌లో చేరి, తర్వాత రేంజ్‌లో నేర్పేదాన్నయ్యాను. పోయిన ఏడాది మోకాళ్లు ఒప్పుకోక మానేశాను. ఈమధ్య మనవాళ్ల పిల్లలు కూడా కొందరు ఈ పనిలో చేరుతున్నారు, ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. ఫారాలు ఎలా నింపాలో వాళ్లకి కంపెనీయే నేర్పుతుంది. అది నేర్పనివి కొన్ని ఉన్నాయి. ముఖ్యంగా నేను చేసిన ఒక తప్పు ఉంది. చేసేటప్పుడు అది మహా సరదాగా ఉంది, అందుకే తప్పని తెలియడానికి అంత ఆలస్యమైంది.

చేతులు చూడు

మా బాస్ పేరు డ్వేన్. ఆరడుగుల మూడంగుళాల మనిషి, మీసం ఒక్కటే ఇంకో అరడుగు. నన్ను ఉద్యోగంలోకి తీసుకోవడానికి కారణం నా అనుభవం కాదు. కాలేజీ రోజుల్లో కర్నూలులో క్యాడెట్ల శిక్షణలో రైఫిల్ కాల్చానని ఇంటర్వ్యూలో చెప్పాను. ఆయన నమ్మలేదు. రేంజ్‌లోకి తీసుకెళ్లి పాయింట్ టూటూ రైఫిల్ చేతికిచ్చాడు. అయిదు తూటాలూ ఒకే చోట పడ్డాయి. నేను చీర కట్టుకుని వెళ్లానన్న సంగతి ఆయన జీవితాంతం అందరికీ చెప్పుకున్నాడు.

మొదటి నెల కొనేవాళ్లతో నన్ను మాట్లాడనివ్వలేదు. "మొహాలు చూడకు రాజీ, చేతులు చూడు," అనేవాడు. రాజ్యలక్ష్మి అన్న పేరు ఆయన నోట్లో పట్టలేదు. "మొహం అబద్ధమాడుతుంది. తుపాకీ అందుకునేటప్పుడు చెయ్యి ఆడదు."

నిజమే. రోజూ వేటకెళ్లే రైతు తుపాకీని సుత్తిని అందుకున్నట్టు అందుకుంటాడు. కొత్తవాడు పసిబిడ్డని అందుకున్నట్టు అందుకుంటాడు, వాడితో భయం లేదు. భయపడాల్సింది అందుకోగానే అద్దంలో తనని తాను చూసుకునేవాడితో. మా కౌంటర్ వెనక నిలువుటద్దం ఎందుకుందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. డ్వేన్ దాన్ని అలాంటివాళ్లని పట్టుకోవడానికే పెట్టాడు.

మనవాళ్లొస్తే ఇంకో ప్రశ్న ముందడగాలి. వీసా మీద ఉన్నవాళ్లకి, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ అమ్మకూడదు. అందుకని మన కుర్రాళ్లు గ్రీన్ కార్డ్ వచ్చిన వారంలోనే వచ్చేవారు. కొందరు స్వీట్లు కూడా తెచ్చేవారు. పదకొండేళ్లు ఎదురుచూసిన మనిషి ఆ ఉత్సాహంలో మామూలు సైజుతో తృప్తిపడడు.

పెద్ద తూటాల్లో ఏది మంచిదంటే

రోజుకి నాలుగుసార్లు చెప్పిన సంగతి కాబట్టి నిద్రలో లేపి అడిగినా చెబుతాను. పెద్ద తూటాలు కావాలని వచ్చేవాళ్లు సాధారణంగా మూడింటి మధ్య ఊగుతారు: ఫార్టీఫైవ్, టెన్ ఎమ్ఎమ్, ఫార్టీఫోర్ మాగ్నమ్.

ఫార్టీఫైవ్ లావుగా ఉంటుంది, నెమ్మదిగా వెళుతుంది. పేలినప్పుడు చేతిని కొట్టదు, భుజం మీద చెయ్యేసి వెనక్కి తోసినట్టు తోస్తుంది. అలవాటు చేసుకున్నవాళ్లకి మర్యాదస్తురాలు. డ్వేన్‌కి ప్రాణం. కానీ అది పట్టే పిస్టల్ పిడి లావు, చిన్న చేతులవాళ్లకి సరిగ్గా అందదు, తూటాలు కూడా తక్కువ పడతాయి.

టెన్ ఎమ్ఎమ్ దానికి కోపిష్ఠి తమ్ముడు. వేగం ఎక్కువ, విసురు ఎక్కువ. అడవి పందుల మధ్య, ఎలుగుబంట్ల మధ్య తిరిగేవాళ్లకి దాంతో పనుంది. లాస్ కొలీనాస్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడి దగ్గరికి ఏ ఎలుగుబంటీ లిఫ్ట్ ఎక్కి రాదు.

ఫార్టీఫోర్ మాగ్నమ్ వేటగాళ్ల తూటా. దాన్ని నాలుగు గోడల మధ్య చెవులకి ఏమీ పెట్టుకోకుండా పేల్చినవాడికి కాసేపు ఏమీ వినబడదు. మంట కళ్ల ముందు మెరిసి ఏమీ కనబడదు. దొంగ ఉన్నాడో పోయాడో చెప్పడానికి మూడో ఇంద్రియం ఏది మిగులుతుందో నాకు తెలియదు. పైగా ఇక్కడి అపార్ట్‌మెంట్ గోడలు ఇటుక గోడలు కావు. అటో అట్టలాంటి పలక, ఇటో పలక, మధ్యలో ఖాళీ. ఈ మూడింట్లో ఏదైనా సరే, గురి తప్పితే వాటిని అప్పడాల్లా దాటుకుని పోతుంది. ముందు గుంట ఉండి, తగలగానే విచ్చుకునే రకం బుల్లెట్ కొంత నయం. అది కూడా గోడల్ని నమ్ముకుని కాల్చేది కాదు.

ఇంత చెప్పి చివర్లో అనేదాన్ని, "మీరు వరసగా అయిదు సార్లు పళ్లెమంత చోటులో కొట్టగలిగిన వాటిల్లో పెద్దది తీసుకోండి. చాలామందికి అది చిన్నదే అవుతుంది." ఈ మాట విన్న మగవాళ్లలో సగంమంది మొహం ముడుచుకుని డ్వేన్ వైపు చూసేవారు.

ఆంటీ

శ్రీధర్ అలా చూడడమే కాదు, అన్నాడు కూడా.

నలభైకి దగ్గరగా ఉంటాడు. డేటాబేస్ పని, ఇంట్లోంచే చేస్తాడు. అతనుండే కాంప్లెక్స్‌లో కింది అంతస్తులో ఎవరింట్లోనో దొంగలు పడ్డారట. కౌంటర్ దగ్గరికొచ్చి, నా మెడలో బ్యాడ్జి మీద పేరు చూసి, వెలిగిపోయిన మొహంతో "మీరు తెలుగా ఆంటీ?" అన్నాడు. అప్పుడు నాకు యాభై నాలుగు. అతనికి నాకంటే పెద్ద పొట్ట ఉంది.

నా పాఠం నేను చెప్పాను. అంతా విని, "అది బిగినర్స్‌కి కదా ఆంటీ. నేను బాగా రీసెర్చ్ చేశాను. నాకు ఫార్టీఫోర్ మాగ్నమే కావాలి. మీకు దాని గురించి అంత ఐడియా లేకపోతే, ఆ అంకుల్‌ని పిలుస్తారా?" అన్నాడు.

అంకుల్ అప్పుడు కుర్చీలో కూర్చుని డోనట్ తింటున్నాడు.

"ఐడియా ఉందిలే బాబూ," అన్నాను. "ముందు రేంజ్‌లో అద్దెకి తీసుకుని ఆరు కాల్చి చూడండి. నచ్చితే కొనండి."

ఫార్టీఫోర్ మాగ్నమ్ రివాల్వర్‌లో ఒక సౌకర్యం ఉంది. దానికో పాత అక్కయ్య ఉంది, ఫార్టీఫోర్ స్పెషల్ అంటారు. అదే లావు, కాస్త పొట్టి, బలం చాలా తక్కువ. ఆ రివాల్వర్‌లో హాయిగా పడుతుంది, పేలుతుంది, బరువైన ఆ తుపాకీలోంచి అయితే చేతికి పెద్దగా తెలియను కూడా తెలియదు. అద్దె తుపాకుల్లో మొదటిసారి తూటాలు మేమే వేసిస్తాం. నేను లోపలికెళ్లి మాగ్నమ్ పెట్టె అతనికి కనబడేలా పట్టుకుని, ముందే జేబులో వేసుకున్న ఆరు స్పెషల్ తీసి సిలిండర్‌లో వేశాను.

నా ఆలోచన ఇది. ఆరూ బాగా కొడతాడు, ఎగిరి గంతేస్తాడు. అప్పుడు నిజం మాగ్నమ్ ఒక్కటి వేసిస్తాను. మొహం తెల్లబోతుంది. అప్పుడు ఆంటీ చెప్పేది వింటాడు.

మొదటి సగం అనుకున్నట్టే జరిగింది. ఆరింట్లో అయిదు మధ్యలో పడ్డాయి. శ్రీధర్ చెవుల మీది కప్పులు తీసి, "అంతేనా? అందరూ ఇంత భయపెట్టారేంటి?" అన్నాడు. నాకు లోపల నవ్వు పొంగుతోంది. సరిగ్గా అప్పుడే తొమ్మిదో లేన్‌లో ఒకావిడ పిస్టల్‌లో తూటా ఇరుక్కుపోతే, పిస్టల్‌ని అలాగే పట్టుకుని వెనక్కి తిరిగింది. రేంజ్‌లో అంతకంటే ప్రమాదం లేదు. పరిగెత్తాను. ఆమెని సముదాయించి, పిస్టల్ ఖాళీ చేసి వచ్చేసరికి పావుగంట పట్టింది. శ్రీధర్ లేన్‌లో లేడు. కౌంటర్ దగ్గర చిల్లులు పడ్డ కాగితాన్ని డ్వేన్‌కి చూపిస్తూ, ఫారం నింపుతున్నాడు.

ఒక్క మాట చాలు. "బాబూ, మీరు కాల్చింది మాగ్నమ్ కాదు." అంతే. కానీ డ్వేన్ అతని వీపు తడుతున్నాడు. శ్రీధర్ నా వైపు చూసి, "చూశారా ఆంటీ?" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. మొదటి ప్రాక్టీస్‌కి నిజం తూటాలు కాల్చగానే మొహం వేలాడేసుకుని తిరిగొస్తాడు, అప్పుడు ఇంకా బాగుంటుంది అనుకున్నాను. సాయంత్రం టీ తాగుతూ తోటివాళ్లకి చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు.

అతను ప్రాక్టీస్‌కి రాలేదు. అయిదు మధ్యలో కొట్టినవాడికి ప్రాక్టీస్ ఎందుకు?

శుక్రవారం పదకొండు గంటలకి

మూడు వారాల తర్వాత మాధవి వచ్చింది. శ్రీధర్ భార్య. పలచగా, కళ్ల కింద నల్లటి చారలతో, చేతిలో ఒక ఫైలు పట్టుకుని నిలబడింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

శుక్రవారం పొద్దున పదకొండుకి ఆమె ఆఫీసులో ఉంది. శ్రీధర్ ఇంట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగ్‌లో ఉన్నాడు. ఆ రోజు ఏసీ ఫిల్టర్లు మారుస్తామని అపార్ట్‌మెంట్ ఆఫీసు ముందే ఈమెయిల్ పంపింది. ఆయన తెరవలేదు. మరమ్మతుల మనిషి లూయిస్ రెండుసార్లు తలుపు కొట్టాడు. సమాధానం లేదు. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీశాడు. శ్రీధర్ తల తిప్పేసరికి హాల్లో పొడవాటి డబ్బా పట్టుకున్న ఒక కొత్త మనిషి. టేబుల్ సొరుగులోంచి రివాల్వర్ తీశాడు. కాల్చాడు.

సిలిండర్‌లో ఉన్నవి ఈసారి అసలు సిసలు మాగ్నమ్‌లు. వాటి దెబ్బ ఎలా ఉంటుందో ఆయన చేతికి అప్పటిదాకా తెలియదు. ప్రాక్టీస్ లేని చెయ్యి భయంతో పేలకముందే కిందికి గుంజుకుంది. బుల్లెట్ లూయిస్ మోకాలి పక్కనుంచి పోయింది. గోడ దాటి, పక్కింటి వంటగదిలో సోనా మసూరి బస్తాని చీల్చి, ఫ్రిజ్ వెనక మోటారులో ఆగింది. ఆ ఇంటివాళ్లు ఆఫీసుకి వెళ్లారు కాబట్టి సరిపోయింది.

"మీటింగ్ ఇంకా నడుస్తూనే ఉందంట," అంది మాధవి. "వాళ్ల మేనేజర్, 'శ్రీధర్, నీ వైపు నుంచి నాయిస్ వస్తోంది, మ్యూట్ చేసుకో' అన్నాడంట."

అని నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపు అయిపోయింది.

పోలీసులు బేడీలు వేసి తీసుకెళ్లారు. బెయిల్ మీద వచ్చాడు. లాయర్ చెప్పిందేమిటంటే, ఇలాంటి కేసులో శిక్ష పడితే జైలు మాట అటుంచి, గ్రీన్ కార్డ్ పోయే ప్రమాదం ఉంది. పిల్లలిద్దరూ ఇక్కడ స్కూల్లో ఉన్నారు.

"మరి నా దగ్గరికి ఎందుకొచ్చారమ్మా?" అన్నాను.

"ఆయన తిండి తినట్లేదు. జైలు కన్నా ఇంకో బాధ పట్టుకుంది. రేంజ్‌లో అన్నీ సెంటర్‌లో కొట్టాను, ఇంట్లో ఆరడుగుల దూరంలో ఎలా మిస్సయ్యాను, నాకేదో అయింది అంటున్నారు. ఆ రోజు మీరే పక్కనున్నారు కదా. ఏం జరిగిందో చెప్తారేమోనని."

చెప్పాను. మొత్తం చెప్పాను. జేబులో ఆరు స్పెషల్, తొమ్మిదో లేన్, టీ దగ్గర నవ్వులు.

మాధవి చేతిలో ఫైలు కౌంటర్ మీద పెట్టింది. తర్వాత అడిగింది, "అంటే మీరు ఆయన్ని ఆట పట్టించారు."

"అవును."

"ఎందుకు?"

"ఆంటీ అన్నాడు," అన్నాను. ఇంకేదైనా మంచి కారణం ఉంటే బాగుండేది.

మాధవి నన్ను తేరిపార చూసింది. "నేను కూడా లోపలికొచ్చేటప్పుడు అలాగే పిలుద్దామనుకున్నాను," అంది.

డ్వేన్ అన్న మాట

ఆ రోజే డ్వేన్‌కి చెప్పాను. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. మీసం లాక్కుంటూ కూర్చున్నాడు.

"వేళాకోళం ఆడినందుకు నిన్నేమీ అనను రాజీ. నేనూ ఆడాను. కానీ మొదలుపెట్టినవాళ్లు ముగించాలి. నువ్వు నవ్వొచ్చే చోట ఆపేసి వెళ్లిపోయావు. అతను అబద్ధాన్ని డబ్బాలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లాడు."

దుకాణం తరఫు లాయర్ ఫోన్ చేసి, ఎవరితోనూ మాట్లాడొద్దని చెప్పాడు. డ్వేన్ ఆ ఫోన్ స్పీకర్‌లో పెట్టి నాకు వినిపించాడు. ఫోన్ పెట్టేశాక, "విన్నావుగా. ఇక నీ ఇష్టం," అన్నాడు. మర్నాడు శ్రీధర్ లాయర్ ఆఫీసుకి నన్ను తన ట్రక్‌లో తనే తీసుకెళ్లాడు. లోపలికి రాలేదు. పార్కింగ్‌లో గంటన్నర కూర్చున్నాడు.

ఈ పనిలో చేరేవాళ్లకి చెబుతున్నాను: బాస్‌లు చాలా రకాలుంటారు. తప్పు చేయనివ్వనివాడికంటే, చేసిన తప్పు చెప్పుకోవడానికి బండి తోలేవాడు దొరికితే వదలకండి.

కాల్పుల తర్వాత శ్రీధర్ మొదటిసారి ఎదురుపడింది అక్కడే. నేను చెప్పింది తల వంచుకుని విన్నాడు. చివరికి, "అయితే నాకేమీ కాలేదన్నమాట. మొదటినుంచీ నాకు రాదు," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, ఎంతో ఊరట ఉంది. నాకు మాత్రం అతను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కేసు నాలుగు నెలలు నడిచింది. గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు నిలుస్తుందో లేదో ముందు తేల్చే పౌరుల బృందం, దాన్ని ముందుకి పంపలేదు. నా మాటల వల్ల కాదు. లూయిస్ వల్ల. తలుపు రెండుసార్లు కొట్టినా లోపలికొచ్చేటప్పుడు తనెవరో చెప్పలేదని, చెప్పాల్సిందని అతనే ఒప్పుకున్నాడు. ఒక చెవిలో ఇంకా గంట మోగుతున్న మనిషి, తనని కాల్చినవాడి గురించి అలా చెప్పాడు. శ్రీధర్ కుటుంబాన్ని ఆ అపార్ట్‌మెంట్ ఖాళీ చేయించారు. అంతటితో బయటపడ్డారు.

లూయిస్

కేసు తేలాక ఒక మధ్యాహ్నం లూయిస్ మా దుకాణానికొచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, బూట్ల మీద సున్నం మరకలు. కొనడానికి రాలేదు. తన పక్కనుంచి పోయినదేదో చూడాలన్నాడు.

ఒక మాగ్నమ్ తూటా తీసి కౌంటర్ మీదున్న రబ్బరు చాపపై నిలబెట్టాను. కూర్చుని కళ్లకి సమానంగా చూశాడు. ముట్టుకోలేదు.

"నీ సంగతి లాయర్ చెప్పాడు," అన్నాడు. "ఆ రోజు నువ్వు అతనికి నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది?"

"దీన్ని కొనేవాడు కాదు. చిన్నది కొని ఉండేవాడు. నేను దగ్గరుండి నేర్పేదాన్ని."

"బాగా నేర్పేదానివా?"

"ఈ చుట్టుపక్కల నా అంత బాగా ఎవరూ నేర్పరు."

లూయిస్ తలూపాడు. "అయితే ఇప్పుడు నేను చచ్చిపోయి ఉండేవాణ్ని."

పదమూడేళ్లుగా నేర్పుతున్నాను అప్పటికి. ఫార్టీఫైవా, టెన్ ఎమ్ఎమ్మా, విచ్చుకునే బుల్లెట్టా, పిడి లావెంత, చెయ్యి వణుకుతుందా, ఇవన్నీ చెప్పాను. గురి కుదిరాక ఎదురుగా ఉన్నది ఎవరో కనుక్కోమని చెప్పడానికి నా పాఠంలో ఒక్క నిమిషం కూడా లేదు. కాగితం మీద గీసిన మనిషిని ఎవరూ పేరడగరు కదా.

అతను లేచి వెళుతూ, "నీ తప్పుకి థాంక్స్ చెప్పాలో వద్దో తేల్చుకోలేకపోతున్నాను," అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే తేల్చుకోలేకపోతున్నాడు.

మొదటి గంట

ఆ తర్వాత నా క్లాసు మార్చేశాను. మొదటి గంట తుపాకీ ఉండదు, తూటా ఉండదు. ఒక గది, ఒక మూసిన తలుపు. బయటినుంచి ఎవరో కొడతారు. లోపల ఉన్నవాళ్లు గట్టిగా "ఎవరు?" అని అరవాలి. ఏ భాషలోనైనా సరే, అవతలివాడికి వినబడాలి.

మీకు నవ్వొస్తుంది కానీ, ఇది తుపాకీ కాల్చడం కంటే కష్టం. జీవితంలో ఎన్నడూ గొంతెత్తని ఇంజినీర్లు ఉంటారు. పళ్లు బిగించి మాగ్నమ్ కాల్చేస్తారు కానీ, పదిమంది ముందు అరవమంటే చెవులు ఎర్రబడతాయి. ఒకాయన "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నాడు. ఇంకొకాయన చెయ్యెత్తి, "కాల్చడం ఎప్పుడు మేడమ్?" అన్నాడు.

మొదటి క్లాసుకి శ్రీధర్, మాధవి వచ్చారు. తుపాకీ ఇక వద్దనుకున్నారు, అయినా వచ్చారు. ఎవరూ నోరు తెరవకపోతే శ్రీధర్ వెనక వరసలోంచి లేచి తలుపు ముందుకెళ్లి నిలబడ్డాడు. బయట డ్వేన్ తలుపు కొట్టాడు. శ్రీధర్ ఒక్క క్షణం కళ్లు మూసుకున్నాడు. తర్వాత గది అదిరేలా అరిచాడు.

"ఎవరు?"

అవతలి నుంచి డ్వేన్ గొంతు చాలా మర్యాదగా వినబడింది. "పిజ్జా అండీ. పెద్దది."

క్లాసంతా పగలబడి నవ్వింది. మాధవి మొహం రెండు చేతుల్లో దాచుకుంది. శ్రీధర్ మాత్రం నవ్వకుండా, తలుపు తీసి, ఆ రోజు లూయిస్‌ని చూడాల్సిన చూపుతో డ్వేన్‌ని చూస్తూ నిలబడ్డాడు.